మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు, ఆ యూనిట్ ఏ గంటలో వచ్చిందన్నది ఇంకా వేరు

ఎక్కడో ఒక పెద్ద సోలార్ ప్లాంట్ మొదలవుతుంది. వార్తలో "1,000 మెగావాట్లు, ఇన్ని లక్షల ఇళ్లకు కరెంటు" అని వస్తుంది. కింద గొడవ మొదలు. ఒకాయన ఇక బొగ్గు పనైపోయింది అంటాడు, ఇంకొకాయన రాత్రి పూట ఏం చేస్తావ్ అంటాడు, మూడో ఆయన వచ్చి అసలు ప్రపంచంలో ఇప్పటికీ బొగ్గు, ఆయిల్, గ్యాసే దిక్కు అని ఒక గ్రాఫ్ పడేసి పోతాడు. విచిత్రం ఏంటంటే ముగ్గురూ చాలావరకు నిజమే చెప్తుంటారు. కాకపోతే ఒకరు మెగావాట్ల గురించి, ఇంకొకరు గంటల గురించి, మూడో ఆయన మొత్తం ఎనర్జీ గురించి మాట్లాడుతుంటారు, ఎవరి లెక్క ఏదో పక్కవాళ్లకి చెప్పరు. ఈ లెక్కల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

వాట్ అంటే వేగం, యూనిట్ అంటే మొత్తం

కుళాయి నీళ్లు ఎంత ధారగా వస్తున్నాయన్నది ఒక ప్రశ్న, బకెట్లో ఎన్ని నీళ్లు పడ్డాయన్నది ఇంకో ప్రశ్న. వాట్, కిలోవాట్, మెగావాట్ ఇవన్నీ ధార లెక్కలు. మీటర్లో తిరిగే యూనిట్ బకెట్ లెక్క. 1,000 వాట్ల హీటర్ ఒక గంట నడిస్తే ఒక యూనిట్, 10 వాట్ల ఎల్ఈడీ బల్బు 100 గంటలు వెలిగినా అదే ఒక యూనిట్. పుస్తకాల్లో దీన్నే కిలోవాట్ అవర్ అంటారు, సైన్సులో ఎనర్జీని కొలిచే జౌల్స్‌లో చెప్పాలంటే 36 లక్షలు.

"గంటకి 500 మెగావాట్లు తయారు చేస్తుంది" అని తరచూ రాస్తుంటారు, అది తప్పు. మెగావాట్‌లో "సెకనుకి ఇంత" అన్నది ముందే కలిసి ఉంది, మళ్లీ గంటకి అంటే అర్థం లేదు. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా వల్ల పెద్ద నష్టం లేదు గానీ బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బాగా దెబ్బతీస్తుంది, దాని సంగతి కాసేపట్లో.

బోర్డు మీద రాసిన 1,000 మెగావాట్లు ఎప్పుడు వస్తాయి

ప్లాంట్ పేరు పక్కన రాసే అంకె దాని గరిష్ఠ సామర్థ్యం, అంటే అన్నీ కలిసొస్తే ఇవ్వగలిగింది. సోలార్ ప్యానెల్‌కి ఈ అంకె ల్యాబ్‌లో పుడుతుంది: చదరపు మీటరుకి 1,000 వాట్ల వెలుగు పడాలి, లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎర్రటి ఎండలో సెల్ 60 డిగ్రీలకి పోవడం మామూలే, ఒక్కో డిగ్రీ పెరిగితే దాదాపు 0.3 నుంచి 0.4 శాతం కరెంటు తగ్గుతుంది, అంటే 35 డిగ్రీల తేడాకి పది నుంచి పద్నాలుగు శాతం అక్కడే పోయింది. ఎండ ఎక్కువుంటే కరెంటు ఎక్కువ అనుకుంటాం (నేనూ చాలా కాలం అలాగే అనుకున్నా), నిజానికి ప్యానెల్‌కి కావాల్సింది వెలుగు, వేడి కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం ఒకటి, దాన్ని గ్రిడ్‌కి, అంటే ప్లాంట్లనీ ఇళ్లనీ కలిపే తీగల వలకి, తగ్గట్టు మార్చి పంపే ఇన్వర్టర్ల సామర్థ్యం ఇంకొకటి. ప్యానెళ్లు 1,300 మెగావాట్లు పెట్టి ఇన్వర్టర్లు 1,000కి బిగించడం సాధారణమే. కొన్నిచోట్ల మొదటి అంకె చెప్తారు, కొన్నిచోట్ల రెండోది. ప్లాంట్ ఒక్కటే, వార్తలు మాత్రం రెండు.

ఇక ఏడాది లెక్క. ఏడాదికి 8,760 గంటలు. రాత్రులు, మబ్బులు, పొద్దున్న సాయంత్రం ఏటవాలు ఎండ అన్నీ తీసేస్తే ఒక ప్లాంట్ తన గరిష్ఠంలో సగటున 20 శాతం ఇచ్చిందనుకుందాం. దీన్నే కెపాసిటీ ఫ్యాక్టర్ అంటారు. సోలార్‌కి ఇది చోటును బట్టి సుమారు 10 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది.

1,000 × 8,760 × 0.20 = 17,52,000 మెగావాట్ అవర్లు, అంటే 175 కోట్ల యూనిట్లు.

అదే 1,000 మెగావాట్ల అణు రియాక్టర్ 90 శాతం దగ్గర నడిస్తే 788 కోట్ల యూనిట్లు. బోర్డు మీద ఒకే అంకె, బకెట్లో నాలుగున్నర రెట్ల తేడా. ప్రపంచం మొత్తం మీద కూడా ఇదే కనిపిస్తుంది. సోలార్ సామర్థ్యం 2022లో 10 లక్షల మెగావాట్లు దాటింది, ఆ తర్వాత రెండేళ్లకే 20 లక్షలు దాటింది, కళ్లు తిరిగే వేగం. కానీ 2024లో ప్రపంచ కరెంటులో సోలార్ వాటా దాదాపు 7 శాతం. రెండూ నిజాలే, ఏది చెప్పాలన్నది చెప్పేవాళ్ల ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది.

అయితే కెపాసిటీ ఫ్యాక్టర్‌ని మార్కుల జాబితాలా చూస్తే అదీ పొరపాటే. సాయంత్రం రెండు గంటల కోసమే పెట్టిన గ్యాస్ ప్లాంట్ 10 శాతం దగ్గరే ఉంటుంది, దాన్ని కట్టిందే అందుకు. చైనాలోని త్రీ గోర్జెస్ డ్యామ్ సామర్థ్యం 22,500 మెగావాట్లు. 2020లో రికార్డు స్థాయిలో 11,180 కోట్ల యూనిట్లు ఇచ్చింది, లెక్కేస్తే 57 శాతం. మిగతా 43 శాతం పోగొట్టుకుందని ఎవరూ అనరు, నదిలో నీళ్లు ఉన్నంతే కదా వస్తాయి.

"ఇన్ని లక్షల ఇళ్లకు" అన్న మాట కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఏడాది యూనిట్లని ఒక ఇంటి సగటు వాడకంతో భాగిస్తారు, అంతే. ఇంటికి ఏడాదికి 3,500 యూనిట్లు అనుకుంటే పైన చెప్పిన ప్లాంట్ 5 లక్షల ఇళ్లకు, 1,000 యూనిట్లు అనుకుంటే పదిహేడున్నర లక్షల ఇళ్లకు. ఆ ఇళ్లు రాత్రి తొమ్మిదింటికి దీని మీదే నడుస్తాయని ఆ లెక్క ఎక్కడా చెప్పట్లేదు. చదివేవాళ్లు మాత్రం అలాగే చదువుకుంటారు.

గ్రిడ్‌లో కరెంటు దాచుకునే గది లేదు

అసలు గొడవంతా మూడో ప్రశ్న దగ్గర: ఆ యూనిట్ ఏ గంటలో వచ్చింది?

తీగల్లో కరెంటు నిలవ ఉండదు. ఈ క్షణం ఎంత వాడుతున్నారో అంతే ఈ క్షణంలో తయారవ్వాలి. కొంచెం తేడా వచ్చినా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే కొన్ని దేశాల్లో సెకనుకి 50, కొన్నిచోట్ల 60 ఉండే ఆ లయ, పైకో కిందకో జరుగుతుంది, మరీ జరిగితే ప్లాంట్లు తమను తాము కాపాడుకోవడానికి ఒక్కొక్కటిగా తెంపేసుకుంటాయి.

ఒక ఊహా గ్రిడ్ తీసుకుందాం. మధ్యాహ్నం ఒంటిగంటకి వాడకం 10,000 మెగావాట్లు, రాత్రి ఏడింటికి 12,000. సోలార్ లేకపోతే మిగతా ప్లాంట్లు ఆరు గంటల్లో 2,000 మెగావాట్లు పెంచితే సరిపోతుంది. ఇప్పుడు మధ్యాహ్నం 6,000 మెగావాట్ల సోలార్ వచ్చిందనుకోండి. మిగతా ప్లాంట్లు ఇవ్వాల్సింది 4,000కి పడిపోతుంది. ఏడింటికి సోలార్ సున్నా కాబట్టి మళ్లీ 12,000. అదే ఆరు గంటల్లో ఇప్పుడు 8,000 ఎక్కాలి. యూనిట్ల లెక్కలో బోలెడంత బొగ్గు మిగిలింది. కానీ సాయంత్రానికి కావాల్సిన ప్లాంట్లలో ఒక్కటి కూడా మూసెయ్యడానికి లేదు.

మొత్తం వాడకంలోంచి సోలార్, గాలి తీసేశాక మిగిలేదాన్ని నెట్ లోడ్ అంటారు. గ్రాఫ్ గీస్తే మధ్యాహ్నం పొట్ట దిగి, సాయంత్రం మెడ నిటారుగా లేచి బాతులా కనిపిస్తుంది. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లో ఈ బొమ్మ బయటపెట్టాక డక్ కర్వ్ అన్న పేరు స్థిరపడిపోయింది.

మన ఊహా గ్రిడ్‌లోనే సోలార్‌ని 9,000కి పెంచుదాం. మధ్యాహ్నం మిగిలేది 1,000. కానీ థర్మల్ ప్లాంట్లని, అంటే బొగ్గులాంటి ఇంధనం కాల్చి నడిచేవాటిని, ఒక స్థాయి కంటే కిందకి దించలేరు, పూర్తిగా ఆపితే సాయంత్రానికి మళ్లీ వేడెక్కి లేవవు. ఆ కనీసం 2,500 అనుకుంటే సోలార్‌కి ఉన్న చోటు 7,500 మాత్రమే. కొత్తగా పెట్టిన 3,000లో ఒంటిగంటకి సగం, అంటే 1,500 మెగావాట్లు ఎవరికీ అక్కర్లేదు. ప్లాంట్లని తగ్గించుకోమంటారు, దీన్నే కర్టెయిల్‌మెంట్ అంటారు. లేదా మార్కెట్లో ధర సున్నా కిందకి పోతుంది, అంటే కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బులు. జర్మనీలో 2024లో ఇలాంటి గంటలు 457. మొదటి మెగావాట్ సోలార్‌కి, పదివేలో మెగావాట్ సోలార్‌కి విలువ ఒకటి కాదన్నది ఇక్కడ అర్థమవుతుంది, నా ఉద్దేశంలో ఈ మొత్తం చర్చలో జనం ఎక్కువగా మిస్సయ్యేది ఇదే.

బ్యాటరీకి ఒక అంకె చాలదు

మరి ఆ మిగిలిన 1,500ని దాచుకోవచ్చు కదా? దాచుకోవచ్చు. ఇక్కడే మొదట్లో చెప్పిన ధార, బకెట్ తేడా వస్తుంది. బ్యాటరీకి ఎంత ధారగా ఇవ్వగలదు అన్నదీ ఉంటుంది, లోపల ఎంత పడుతుంది అన్నదీ ఉంటుంది. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలో పెట్టిన హార్న్స్‌డేల్ బ్యాటరీ 100 మెగావాట్లు, 129 మెగావాట్ అవర్లు. అప్పట్లో ప్రపంచంలో అతి పెద్ద లిథియం బ్యాటరీ. పూర్తి ధారతో వదిలితే గంటా పావు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. "100 మెగావాట్ల బ్యాటరీ" అని మాత్రమే చదివినవాళ్లు దాన్ని 100 మెగావాట్ల ప్లాంట్ పక్కన పెట్టి పోల్చేశారు, రెండోది వారమంతా ఆగకుండా ఇస్తుంది. అలాగని అది దండగ అనుకోవడం కూడా అన్యాయమే, దాని అసలు పని ఫ్రీక్వెన్సీ తప్పినప్పుడు సెకనులోపే సర్దడం, ఆ పనిలో ఏ ఆవిరి టర్బైనూ దానికి సాటి రాలేదు.

పాత పద్ధతి ఇంకొకటి ఉంది, పంప్డ్ స్టోరేజ్. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు కొండ మీదకి తోడి, కావాల్సినప్పుడు టర్బైన్ల మీదకి వదలడం. వేల్స్‌లోని డినార్విగ్ 1984 నుంచి ఇదే పని చేస్తోంది, 1,700 మెగావాట్ల పైచిలుకు, ఐదారు గంటల పాటు. అమెరికాలో వర్జీనియాలోని బాత్ కౌంటీ స్టేషన్ సుమారు 3,000 మెగావాట్లు, 24,000 మెగావాట్ అవర్లు, అంటే ఎనిమిది గంటలు.

మన 1,500 మెగావాట్లు మూడు గంటల పాటు మిగిలిందనుకుందాం. దాచాల్సింది 4,500 మెగావాట్ అవర్లు. వెళ్లి రావడంలో నష్టం ఉంటుంది, 85 శాతం తిరిగొస్తే 3,825. దాన్ని సాయంత్రం పూట నాలుగు గంటల పాటు పంచితే ఆ సేపంతా 950 మెగావాట్ల చిల్లర. 12,000 ఎక్కాల్సింది 11,050 ఎక్కితే చాలు. ఇది చిన్న సాయమేమీ కాదు, ఎందుకంటే ఆ పై 950 కోసమే ఏడాదిలో కొన్ని గంటలు నడిచే ప్లాంట్లు ఉంచుకోవాల్సి వస్తుంది. కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కాసేపు గ్రిడ్‌కి అన్నిటికంటే ఎక్కువ కరెంటు ఇచ్చింది బ్యాటరీలే. 2013లో బాతు బొమ్మ గీసిన చోటే ఇది జరిగింది.

కానీ సాయంత్రం సమస్య వేరు, సీజన్ సమస్య వేరు. ఉత్తర యూరప్ చలికాలంలో మబ్బు పట్టి, గాలి కూడా ఆగిపోయే రోజులు వరసగా వస్తాయి, జర్మన్లు దానికి డుంకెల్‌ఫ్లౌటె అని పేరే పెట్టుకున్నారు. రోజూ నిండి ఖాళీ అయ్యే బ్యాటరీ తన ఖర్చుని ఏడాదికి 365 సార్లు పంచుకుంటుంది. వేసవి ఎండని చలికాలానికి దాచే బ్యాటరీ ఏడాదికి ఒక్కసారే వాడుకలోకి వస్తుంది, అదే సామాను, ఒక్కో యూనిట్ మీద పడే భారం 365 రెట్లు. బ్యాటరీ ఎంత చవకైనా ఈ భాగహారం మారదు, అందుకే ఆ పనికి హైడ్రోజన్ అనీ, దూరప్రాంతాల లైన్లనీ, అణువిద్యుత్ అనీ, కొంత గ్యాస్ ఉంచుకుందామనీ రకరకాల వాదనలు నడుస్తున్నాయి. భూమధ్యరేఖకి దగ్గరున్న చోట్ల వేసవికీ చలికాలానికీ ఎండ తేడా తక్కువ కాబట్టి ఈ తలనొప్పి అంతగా ఉండదు, అక్కడ వానాకాలపు మబ్బులు చూసుకోవాలి.

సోలార్ చవకా కాదా, ఎవరి లెక్కలో

మామూలుగా చెప్పే ధర ఇలా కడతారు: ప్లాంట్ జీవితకాలం ఖర్చు మొత్తాన్ని జీవితకాలంలో ఇచ్చే యూనిట్లతో భాగించడం. ఈ లెక్కలో పెద్ద సోలార్ ప్లాంట్ల కరెంటు ఖర్చు 2010 నుంచి 2023 మధ్య ప్రపంచ సగటున దాదాపు 90 శాతం పడిపోయింది, ఇది అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరెనా చెప్పిన మాట. చాలాచోట్ల కొత్తగా కట్టేవాటిలో ఇదే చవక. సోలార్‌ని సమర్థించేవాళ్లు ఇక్కడ ఆగుతారు.

విమర్శించేవాళ్లు ఇక్కడ మొదలుపెడతారు. ఆ భాగహారంలో గంట అన్నదే లేదు కదా, మధ్యాహ్నం యూనిట్‌కీ రాత్రి యూనిట్‌కీ ఒకే విలువ కట్టారు, బ్యాటరీ, కొత్త లైన్లు, స్టాండ్‌బైలో ఉంచిన ప్లాంట్ల జీతాలు ఎవరు కడతారు అని. న్యాయమైన ప్రశ్నే. దానికి అవతలివాళ్ల జవాబు కూడా వినాలి: పెద్ద అణు రియాక్టరో బొగ్గు యూనిట్టో ఉన్నట్టుండి ట్రిప్ అయి ఆగిపోతే ఆ లోటు పూడ్చడానికి గ్రిడ్ ఎప్పుడూ కొంత సామర్థ్యం చేతిలో పెట్టుకునే ఉంటుంది, ఆ ఖర్చు బొగ్గు ఖాతాలో ఎవరూ రాయలేదు, పొగ వల్ల వచ్చే జబ్బుల ఖర్చు సంగతైతే చెప్పనక్కర్లేదు. గ్రిడ్‌లో సోలార్ 5 శాతం ఉన్నప్పుడు సర్దుబాటు ఖర్చు దాదాపు కనిపించదు, 40, 50 శాతానికి పోతే అదే పెద్ద ఖర్చు. వాటా ఎంతో చెప్పకుండా చవకా కాదా అని వాదించుకుంటే తెల్లారిపోతుంది.

ఇంకో రకం గొడవ కూడా ఉంది, అది యూనిట్ల గురించి కాదు, గ్రిడ్ నిలకడ గురించి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ ఒక్కసారిగా చీకటైపోయాయి. గంటలు గడవకముందే సోలార్ ఎక్కువైందని ఒకరు, సోలార్‌కి సంబంధమే లేదని ఇంకొకరు. జూన్‌లో స్పెయిన్ ప్రభుత్వం ఇచ్చిన రిపోర్టు కరెంటు చాలకపోవడం గురించి కాదు, వోల్టేజ్ పెరిగిపోవడం గురించి మాట్లాడింది: వోల్టేజ్‌ని అదుపు చేసే ప్లాంట్లు ఆ రోజు తగినన్ని లైన్లో లేవు, ఉన్న సంప్రదాయ ప్లాంట్లలో కొన్ని చెయ్యాల్సినంత చెయ్యలేదు. సోలార్, గాలి ప్లాంట్లకైతే అక్కడి అప్పటి రూల్స్ ప్రకారం ఆ పని అప్పగించనే లేదు, ఇన్వర్టర్లు చెయ్యగలిగిన పనే అయినా. దీన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది మీరు ఏ వాక్యం దగ్గర ఆగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎంత కార్బన్ తగ్గింది అంటే, దేని బదులు అని అడగాలి

ఏ రకం కరెంటుకైనా కట్టడం, తవ్వడం, కాల్చడం అన్నీ కలిపి ఎంత బొగ్గుపులుసు వాయువు వస్తుందో లెక్కలున్నాయి. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో మధ్యస్థ అంకెలు యూనిట్‌కి ఇలా ఉన్నాయి: బొగ్గు 820 గ్రాములు, గ్యాస్ 490, పెద్ద సోలార్ ప్లాంట్ 48, అణు 12, నేల మీది గాలిమర 11. సోలార్ సున్నా కాదు, ప్యానెల్ తయారీకి కూడా కరెంటు కావాలి కదా.

మన 175 కోట్ల యూనిట్లు బొగ్గు బదులు వచ్చాయనుకుంటే యూనిట్‌కి 772 గ్రాముల మిగులు, ఏడాదికి పదమూడున్నర లక్షల టన్నులు. గ్యాస్ బదులు అనుకుంటే ఏడున్నర లక్షల పైన. మధ్యాహ్నం పారేసిన యూనిట్ల వల్ల తగ్గింది ఏమీ లేదు. ప్రెస్‌నోట్లలో తరచూ దేశం మొత్తం సగటు తీసుకుని గుణించేస్తారు. నిజంగా చూడాల్సింది ఆ గంటలో ఏ ప్లాంట్ వెనక్కి తగ్గిందన్నది, ఈ లెక్క కష్టం కాబట్టి ఎక్కువమంది దాని జోలికి పోరు.

కరెంటు ఒక్కటే ఎనర్జీ కాదు

మూడో ఆయన పడేసిన గ్రాఫ్ గుర్తుందా? ప్రపంచ ఎనర్జీలో దాదాపు 80 శాతం ఇప్పటికీ బొగ్గు, ఆయిల్, గ్యాసే అని. అది తప్పు కాదు. వాడుకునేవాళ్ల దగ్గరికి చేరే ఎనర్జీలో కరెంటు వాటా ఐదో వంతే, మిగతాది నేరుగా కాల్చుకునే ఇంధనం. కాకపోతే ఆ 80 శాతం ప్రైమరీ ఎనర్జీ, అంటే కాల్చకముందు ఇంధనంలో ఉన్నది. బొగ్గు ప్లాంట్‌లో 100 పాళ్ల వేడి పోస్తే 35 పాళ్ల కరెంటు వస్తుంది, మిగతా 65 గాలిలోకీ నీళ్లలోకీ పోతుంది. పెట్రోల్ కారులో 100 పాళ్ల పెట్రోల్‌కి చక్రాలకి చేరేది 25 దాకా. అదే 25 చక్రాలకి అందించడానికి ఎలక్ట్రిక్ కారుకి గ్రిడ్ నుంచి 30 పాళ్లు చాలు. అంటే 100 పోయిన చోట 100 పెట్టక్కర్లేదు. గ్రాఫ్‌లో కొండలా కనిపించే దాంట్లో చాలా భాగం ఎవరికీ ఉపయోగపడకుండా పోయే వేడే.

అయితే ఈ వాదన కార్ల దగ్గర, గదులు వెచ్చబెట్టే దగ్గర చక్కగా పనిచేసి, స్టీలు, విమానాలు, ఓడల దగ్గర కుంటుతుంది. అన్నిటికంటే మొండిది సిమెంట్. సిమెంట్ తయారీలో వచ్చే బొగ్గుపులుసు వాయువులో సగానికి పైగా బట్టీలో మండించిన ఇంధనం నుంచి వచ్చేది కాదు, సున్నపురాయిని కాలిస్తే ఆ రాయిలోంచే బయటికొచ్చేది. బట్టీని కింద బొగ్గుతో కాల్చినా సోలార్ కరెంటుతో కాల్చినా సున్నపురాయి విడిచిపెట్టేది విడిచిపెడుతుంది.